తలుపు తెరుచుకోకపోతే నా విశ్వాసం తక్కువైనట్టా?

ఈసారి ఉత్తరం రాసిన యువకుడికి 20 ఏళ్లు. అందరూ మోర్మన్లని పిలిచే సంఘంలో, అంటే యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో సభ్యుడు. సంఘం తరఫున రెండేళ్ల మిషన్‌కి, అంటే మతబోధ చేసే సేవకి, వెళ్లి 11 నెలలైంది. పేరు, ఊరు రాయొద్దని కోరాడు. జంటగా ఎప్పుడూ తనతో ఉండే తోటి మిషనరీని, అంటే కంపానియన్‌ని, ఎవరైనా గుర్తుపట్టేలాంటి వివరాలు కూడా తీసేయమన్నాడు. అవన్నీ తీసేశాక మిగిలింది ఇది.

మిషనరీ శిక్షణ కేంద్రంలో ఉన్న వారాల్లో మోకరిస్తే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవట. ఇప్పుడు పొద్దున 6:30కి అలారం మోగగానే ముందు వచ్చే ఆలోచన, రాత్రి 10:30 ఎప్పుడవుతుందా అని. వ్యాయామం, లేఖనాల అధ్యయనం, కంపానియన్‌తో కలిసి మళ్లీ అధ్యయనం, ఆ తర్వాత రోజంతా వీధుల్లో. పుస్తకం తెరిస్తే కళ్లు వాక్యాల మీద నడుస్తాయి, మనసు నడవదు. రాత్రి పడుకున్నా మూడింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. ఇప్పుడున్న కంపానియన్ మూడో అతను, తనకంటే సీనియర్. మంచివాడే కానీ నిమిషం తేడా వస్తే ఊరుకోడు. ప్రతి పాఠం, ప్రతి పలకరింపు లెక్క వేస్తాడు.

అసలు దెబ్బ ఒక పెద్దాయన దగ్గర తగిలింది. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. ఏడు సార్లు కూర్చుని పాఠాలు విన్నాడు, మూడు ఆదివారాలు ఆరాధనకి వచ్చాడు, బాప్తిస్మానికి తేదీ కూడా ఒప్పుకున్నాడు. ఆ తేదీకి రెండు రోజుల ముందు ఫోన్ ఎత్తడం మానేశాడు. వీళ్లిద్దరూ ఇంటికి వెళ్లారు. గుమ్మం ముందు ఆయన చెప్పులున్నాయి. లోపల టీవీ మోగుతోంది. తలుపు తట్టారు. టీవీ సౌండ్ ఆగిపోయింది. అంతే, తలుపు తెరుచుకోలేదు. తిరిగొస్తుంటే కంపానియన్ అన్నాడట: "మనిద్దరిలో ఎవరో విధేయత తప్పాం. అందుకే ఇలా అయింది." ఆ వారంలో రెండు రోజులు మన యువకుడు 6:50కి లేచాడు.

ఇంటికి మాత్రం ప్రతి వారం నవ్వుతున్న ఫొటో, ఉత్సాహంగా ఒక ఉత్తరం వెళుతున్నాయి. అమ్మ ఆ ఉత్తరాన్ని సంఘంలో అందరికీ చదివి వినిపిస్తోంది. కాలేజీ సీటు వదులుకుని మిషన్‌కి వెళ్లడం నాన్నకి మొదట ఇష్టం లేదు. బయలుదేరే రోజు ఆయన అన్నది ఒక్కటే: "మొదలుపెట్టావు కాబట్టి మధ్యలో వదిలేసి రాకు."

అతని ప్రశ్నలు ఇవి. ఇదంతా నా విశ్వాసం చాలకేనా? ఇంటికి వెళ్లిపోవాలా? వెళితే ఏ ముఖం పెట్టుకుని? లేక మిగిలిన 13 నెలలు ఇలాగే నటించాలా? చివర్లో ఇంకొకటి, ఆ సంఘం బైబిలుతో పాటు లేఖనంగా చదివే మోర్మన్ గ్రంథం గురించి, చాలా చిన్న అక్షరాలతో: "అక్కా, ఆ పెద్దాయనకిచ్చిన మోర్మన్ గ్రంథం మొదటి పేజీలో నా చేత్తో నా సాక్ష్యం రాశాను. ఇప్పుడది అబద్ధమైపోయిందా?"

తమ్ముడూ,

నేనూ 18 నెలలు సిస్టర్ మిషనరీగా తిరిగినదాన్ని. నల్ల నేమ్‌ట్యాగ్ ఇప్పటికీ నా బీరువా సొరుగులో ఉంది. నీ ఉత్తరంలో "టీవీ సౌండ్ ఆగిపోయింది" అన్న దగ్గర నేనూ ఆగిపోయాను. లోపల ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషి, బయట ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనం. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాబట్టి నీకు తేలికగా అనిపించేలా ఏదో ఒకటి చెప్పి పంపించను.

నువ్వు మూడు నాలుగు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కట్టి, పైన "విశ్వాసం లేదు" అని రాసి పెట్టుకున్నావు. ఒక్కొక్కటీ బయటికి తీస్తే అవన్నీ ఒకే సంగతి కాదని నీకే తెలుస్తుంది. వాటికి చేయాల్సిన పనులూ వేరు.

మొదట, నువ్వు దారిన పోతూ అన్నట్టు రాసిన ఒక వాక్యం. "బెల్టుకి రెండో కొత్త చిల్లు పెట్టుకున్నాను" అన్నావు. రెండు నెలలుగా మూడింటికే లేచి పైకప్పు చూస్తున్నానన్నావు. ఈ రెండూ విశ్వాసానికి సంబంధించిన వివరాలు కావు తమ్ముడూ, ఒంటికి సంబంధించినవి. నిద్ర లేని మనిషికి ప్రార్థన కుదరకపోతే ముందు చూడాల్సింది నిద్ర గురించి. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం నీకు తెలిసిందే. ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి, "ఇంతమట్టుకు చాలును" అని చావు కోరుకున్నాడు. దేవుడు ఆయన్ని మందలించలేదు, విశ్వాసం పెంచుకోమని పాఠం చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. మనందరం ఎంతో ఇష్టంగా చెప్పుకునే ఆ మిక్కిలి నిమ్మళమైన స్వరం వినబడింది ఆ తర్వాత, చాలా రోజులు నడిచాక. ముందు నిద్ర, తిండి. స్వరం తర్వాత. నువ్వు ఈ వరుసను తిరగేసి నడుస్తున్నావు.

సంఘమే 2013లో మిషనరీల కోసం ఒక చిన్న పుస్తకం తెచ్చింది. అందులో ఒత్తిడిని నాలుగు రంగులుగా చెబుతారు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఇబ్బంది వచ్చినా త్వరగా తేరుకుంటే ఆకుపచ్చ. ఎంత ప్రయత్నించినా తేరుకోలేక, ఎప్పుడూ మునిగిపోతున్నట్టే ఉంటే ఎరుపు. నేను డాక్టర్ని కాను. అయినా నీ ఉత్తరం చదివితే నాకు నువ్వు నారింజలో, ఎరుపు వైపు జరుగుతున్నట్టు కనిపిస్తున్నావు. ఆ పుస్తకం మీ మిషన్‌లో దొరుకుతుంది, అడుగు. నువ్వు రాయలేదు కానీ నేను అడగాలి: బతకాలని లేదు అన్న ఆలోచన ఏ రాత్రైనా వస్తోందా? వస్తుంటే మిగతా ఉత్తరం తర్వాత చదువుదువుగాని. ఇప్పుడే కంపానియన్‌ని లేపి చెప్పు, మీ అందరి బాధ్యత చూసే మిషన్ అధ్యక్షుడికి ఫోన్ చెయ్యి. అర్ధరాత్రి అయినా సరే. ఆయన్ని నిద్ర లేపినందుకు నిన్ను ఎవరూ ఏమీ అనరు.

ఇక ఆ పెద్దాయన.

నీ కంపానియన్ చెప్పిన కారణం నీకు సూదిలా దిగింది. ఎందుకంటే ఆ 6:50 సంగతి నీ మనసులో ముందే ఉంది. విధేయత పనికిరానిదని నేను అనను. పొద్దున లేవడం, అధ్యయనం చేయడం, నియమాలు పాటించడం మనల్ని నిలబెడతాయి, అది నా అనుభవం కూడా. కానీ నువ్వు 20 నిమిషాలు ఆలస్యంగా లేస్తే దేవుడు ఆ ఒంటరి మనిషికి రక్షణ తలుపు మూసేశాడని అనడం వేరే సంగతి. అలాంటి దేవుణ్ణి నువ్వు ఏడు పాఠాల్లో ఆయనకి చెప్పలేదు కదా. మీ చేతిలో ఉండే మిషనరీ మార్గదర్శి "నా సువార్తను ప్రకటించండి" కూడా అదే చెబుతుంది. ఎంచుకునే స్వేచ్ఛ ఎదుటివాళ్లది. వాళ్ల జవాబుని బట్టి నీ సఫలత తేలదు, నీ నిబద్ధతని బట్టి తేలుతుంది. ఇంకో మిషనరీ ఫలితాలతో నీ ఫలితాలు పోల్చుకోవద్దని కూడా అందులో ఉంది.

మోర్మన్ గ్రంథంలోని ఆల్మా గ్రంథంలో అమ్మోన్ కథ మనం ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు. రాజు దగ్గర సేవకుడిగా చేరి, మందలను కాపాడి, రాజు మనసు గెలుచుకున్న అమ్మోన్. శిక్షణ కేంద్రంలో అందరికీ అమ్మోన్ కావాలి. అదే సమయంలో అతని అన్నదమ్ముడు అహరోను ఏం చేస్తున్నాడో 20వ అధ్యాయం చివర చూడు. చెరసాలలో ఉన్నాడు. బట్టల్లేవు, తాళ్లతో కట్టేస్తే ఒళ్లంతా రాసుకుపోయింది, ఆకలి, దాహం. ఇద్దరూ ఒకే ఇంటి నుంచి బయలుదేరారు. ఒకే ఉపవాసాలు, ఒకే ప్రార్థనలు. ఇద్దరి తేడాకి గ్రంథం చెప్పే కారణం ఏంటి? అహరోను విశ్వాసం తక్కువనా? ఎక్కడా లేదు. అతను ఇంకా కఠినమైన మనుషుల చేతిలో పడ్డాడు, అతని వంతుకి అది వచ్చింది, అంతే రాసి ఉంది. తర్వాత అహరోను పెద్ద రాజుకే బోధించాడన్నది నిజమే. కానీ ఆ ముగింపు నీకూ వస్తుందని నేను మాట ఇవ్వలేను. నేను చూపించేది చెరసాల పేజీని మాత్రమే. అక్కడ అహరోనుని ఎవరూ "ఎన్నింటికి లేచావు?" అని అడగలేదు.

పెద్దాయన వైపు నుంచి కూడా ఒకసారి చూడు. భార్య పోయిన ఇంట్లో ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కూర్చుంటే ఆయనకి మనుషుల అలికిడి దొరికింది. తర్వాత తేదీ వచ్చింది. తెల్లబట్టలు కట్టుకుని, నలుగురి ముందు నీళ్లలో నిండా మునగాలి. ఆ వయసులో, ఆ ఒంటరితనంలో, తనవాళ్లు ఏమంటారో అన్న భయంతో. మీకు "వద్దు బాబూ" అని ముఖం మీద చెప్పలేక టీవీ ఆపేసి ఉంటాడు. అది మీ మీద కోపం కాకపోవచ్చు, మీరంటే మొహమాటం కావచ్చు. మళ్లీ మళ్లీ వెళ్లి తడితే ఆ మొహమాటం భయంగా మారుతుంది. అసలు వెళ్లకుండా వదిలేస్తే, తేదీ కోసమే వచ్చారు, తేదీ పోగానే పోయారు అనుకుంటాడు. నేనైతే రెండు వాక్యాల చీటీ రాసి గుమ్మంలో పెట్టేదాన్ని: "మీరు ఏం నిర్ణయించుకున్నా మాకు సమ్మతమే. మీతో కూర్చున్న సాయంత్రాలు మాకు ఇష్టం." అందులో ఆహ్వానం వద్దు, వాక్యం రిఫరెన్సు కూడా వద్దు. ఆ చుట్టుపక్కల ఉండే సభ్యుల్లో ఆయన వయసు వాళ్లు ఎవరైనా ఉంటే పరిచయం చెయ్యి. నువ్వు ఆరు వారాలకో పన్నెండు వారాలకో ఇంకో ప్రాంతానికి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లిపోతావు. వాళ్లు అక్కడే ఉంటారు.

నీ కంపానియన్ మీద నాకు కోపం రావడం లేదు. అతనికీ నీ వయసేగా, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ. తలుపు ఎందుకు తెరుచుకోలేదో తెలియకపోవడం కంటే, మన తప్పు వల్లే తెరుచుకోలేదనుకోవడం కొందరికి తేలిక. కారణం దొరికితే వచ్చేసారి సరిచేసుకోవచ్చు కదా. అతను లెక్కలు రాసుకునేది కూడా భయంతోనే అయి ఉండొచ్చు. నా రెండో కంపానియన్ రాత్రి పూట ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుని బూట్లు తుడిచేది. తుడిచినవే మళ్లీ తుడిచేది. నా మీద కోపం అనుకుని నాలుగు వారాలు నేను కూడా బిగుసుకుపోయాను. చివరికి అడిగితే ఏడ్చేసింది. అక్కడి భాష తనకి రావడం లేదని, రేపు ఎవరి ముందు నోరు తెరవాల్సి వస్తుందోనని ఆమెకి రోజూ టెన్షన్. బూట్లు తుడుస్తూ రేపు చెప్పాల్సిన వాక్యాలు లోపల వల్లె వేసుకునేది.

వారానికోసారి మీరిద్దరూ కూర్చుని ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోవాలన్న నియమం ఉంది కదా. చాలామంది ఆ సమయాన్ని "అంతా బాగానే ఉంది" అని రెండు నిమిషాల్లో ముగిస్తారు. ఈ వారం అలా ముగించకు. "నువ్వు కఠినంగా ఉంటున్నావు" అని మొదలుపెడితే అతను వాదనకి దిగుతాడు. "ఆ రోజు నువ్వన్న మాట తర్వాత నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన విషయంలో నువ్వెలా ఉన్నావో కూడా నాకు తెలియదు, చెప్పు" అను. అతను మెత్తబడొచ్చు. మెత్తబడకపోవచ్చు కూడా, నియమాల పుస్తకం తీసి చూపించొచ్చు. అలా జరిగితే నీ వంతు నువ్వు చేసినట్టే. తర్వాత మీ గుంపు మిషనరీల బాధ్యత చూసే డిస్ట్రిక్ట్ లీడర్‌కి చెప్పడం చాడీ కాదు. ఇష్టం లేని కంపానియన్‌తో ఆరు వారాలు ఓర్చుకోవడం మిషన్‌లో మామూలే, అందరం చేశాం. నిన్ను రోగిని చేస్తున్న పరిస్థితిని మాత్రం ఓర్పు పేరుతో దాచకు.

ప్రార్థన ఎండిపోయిందన్న మాటకి వస్తాను. శిక్షణ కేంద్రంలో అన్నీ వడ్డించి పెడతారు తమ్ముడూ. పొద్దున లేస్తే పాట, మధ్యాహ్నం సాక్ష్యాలు, రాత్రి మళ్లీ పాట. వందలమంది ఒకే మాట మీద ఉంటారు. అక్కడ కళ్లు చెమర్చకపోతేనే ఆశ్చర్యం. బయటికి వచ్చాక పొయ్యి మనమే వెలిగించుకోవాలి, పుల్లలు మనమే ఏరుకోవాలి. పైగా మిషనరీకి ఒంటరితనం దొరకదు. కంపానియన్ ఎప్పుడూ కంటికి కనబడేంత, మాట వినబడేంత దూరంలోనే ఉండాలి. ఆ నియమానికి మంచి కారణాలున్నాయి, కానీ మనసుకి చాటు అంటూ లేకుండా పోతుంది. ఉన్న ఒక్క చాటూ పొద్దుటి వ్యక్తిగత అధ్యయనమే. ఆ గంటలో నువ్వేం చేస్తున్నావో చూసుకో. నాకు తెలిసి నువ్వు రేపటి పాఠం కోసం చదువుతున్నావు. అంటే పక్కవాళ్లకి వడ్డించడానికి వండుతున్నావు, నువ్వు తినడం లేదు.

ఒక వారం పాటు అందులో పదిహేను నిమిషాలు ఎవరికీ బోధించని భాగం చదువు. గుర్తు పెట్టుకోవద్దు, గీత గీయవద్దు. ఒక్క ప్రశ్న రాసుకో, దేవుణ్ణి నిజంగా అడగాలనిపించే ప్రశ్న, జవాబు నీకు తెలియనిది. మోర్మన్ గ్రంథంలోని మొరోనై 10:4 మీరు ప్రతి ఇంట్లో చదివే వాగ్దానం. "నిజమైన ఉద్దేశంతో" అడగమంటుంది. రోజుకి పదిసార్లు అరిగిపోయిన వాక్యాలతో ప్రార్థన నడిపించే మనిషికి ఆ ఉద్దేశం ఎక్కడో జారిపోతుంది, అది నాకూ జరిగింది. ఒక రాత్రి నేను మోకరించి, "నాకు నీతో చెప్పడానికి ఏమీ లేదు, అలసిపోయాను" అని మాత్రమే అని లేచిపోయాను. పైనుంచి ఏ వెచ్చదనమూ దిగి రాలేదు. అయితే కొన్ని నెలల్లో నేను చేసిన మొదటి నిజమైన ప్రార్థన అదే. మర్నాడు ఇంకో వాక్యం కలిసింది.

ఎదుగుదల అనగానే నువ్వు వెచ్చదనం కోసం వెతుకుతున్నావు. నీ ఉత్తరంలోనే రెండు సంగతులు రాశావు, నీకు తెలియకుండానే. కంపానియన్‌కి జ్వరం వస్తే రెండు రోజులు అతని చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేశావు. పెద్దాయన తన భార్య ఆఖరి రోజుల గురించి మాట్లాడుతుంటే పాఠం తెరవకుండా గంటసేపు వింటూ కూర్చున్నావు, దాంతో ఆ వారం లెక్కలో ఒక పాఠం తగ్గింది. ఇంటి నుంచి బయలుదేరిన రోజున నీకు ఆ గంట కూర్చునే ఓపిక ఉండేదా? నిజంగా ఆలోచించు. నాకైతే 20 ఏళ్లప్పుడు లేదు. అమ్మోన్ కూడా 14 ఏళ్ల శ్రమ తర్వాత వెనక్కి చూసుకుంటూ, మా హృదయాలు కుంగిపోయి తిరిగి వెళ్లిపోబోతున్న సమయంలో ప్రభువు ఓదార్చాడని ఒప్పుకుంటాడు, ఆల్మా 26లో. అందరికీ ఆదర్శంగా చూపించే మిషనరీకే మూట సర్దుకున్న రోజు ఉంది.

ఇదంతా చేసి, ఒళ్లు కుదుటపడ్డాక కూడా, అసలు నేను దీన్ని నమ్మడం లేదు అని నీకు తేలితే? అది వేరే ప్రశ్న, దాన్నీ గౌరవంగానే చూడాలి. ఏమీ అనిపించకపోవడమూ నమ్మకపోవడమూ ఒకటి కావు. నిద్ర లేని కళ్లతో రెండింటినీ విడదీయలేవు. అందుకే దాన్ని ఈ నెలలో తేల్చొద్దు అంటున్నాను.

ఇంటి ఉత్తరాల సంగతి. ఫొటోలో నవ్వడం పాపం కాదు. కానీ అమ్మ చదివి వినిపిస్తోందని తెలిశాక నువ్వు అమ్మకి రాయడం మానేసి సంఘానికి రాస్తున్నావు. నీ బెంగ అక్కడ మొదలైంది. నాలాంటి వాళ్లు తిరిగిన రోజుల్లో ఇంటికి ఫోన్ అంటే ఏడాదికి రెండుసార్లే. 2019 ఫిబ్రవరి నుంచి మీకు వారం వారం సొంత పనులకి ఇచ్చే ప్రిపరేషన్ డే రోజున ఇంటివాళ్లతో ఫోన్, వీడియో కాల్ అవకాశం ఉంది. దాన్ని వాడుకో. అందరికీ చదవగలిగే ఉత్తరం ఒకటి పంపు, అందులో అబద్ధం లేకుండా చిన్నదిగా. అమ్మానాన్నలకి మాత్రం మాటల్లో చెప్పు: "నాకు ఒంట్లో, మనసులో బాగోలేదు. ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు. సలహా కంటే ముందు, తెలిసి ఉండండి." అమ్మ కంగారు పడుతుంది, ఆ రాత్రి నిద్రపోదు, మిషన్ అధ్యక్షుడికి ఫోన్ చేస్తానంటుంది. అది నువ్వు భరించాల్సిన ఖర్చు. నాన్న విషయంలో నువ్వు ఆయన ఆఖరి వాక్యాన్ని శాసనంలా మోస్తున్నావు. ఇష్టం లేకపోయినా కొడుకుని సాగనంపిన తండ్రి గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి అనాలి కదా అని అన్న మాట కూడా అయి ఉండొచ్చు. బెల్టు చిల్లు గురించి ఆయనకి చెప్పి చూడు.

నీకు ఎవరో ఒకరు హింక్లీ ఉత్తరం కథ చెప్పే ఉంటారు. 1933లో గోర్డన్ బి. హింక్లీ ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో కొత్త మిషనరీ. తన వల్ల కావడం లేదని, ఇక్కడ సమయం, నాన్న డబ్బు వృథా చేస్తున్నానని ఇంటికి రాశాడు. నిన్ను నువ్వు మరిచిపోయి పనిలోకి దిగు అని తండ్రి క్లుప్తంగా జవాబిచ్చాడు. హింక్లీ మోకరించాడు, నిలబడ్డాడు, తర్వాత కాలంలో సంఘానికే అధ్యక్షుడయ్యాడు. నీరసించిన ప్రతి మిషనరీకీ ఈ కథను మందులా పోస్తారు. ఆయనకి ఆ మందు పనిచేసింది, అందులో నాకు సందేహం లేదు. కానీ కథలో మొదటి సగాన్ని మనవాళ్లు దాటేస్తారు. ఆయన ముందు నిజం రాశాడు. నవ్వుతున్న ఫొటో పంపలేదు. నిజం రాశాడు కాబట్టే తండ్రి ఏదో ఒక జవాబు ఇవ్వగలిగాడు. ఇంకొకటి, పనిలో పడితే పోయే దిగులు ఒకటుంటుంది, పని వల్లే పెరిగే అలసట ఇంకొకటి. నీది రెండోదిలా ఉంది. మోర్మన్ గ్రంథం అనువాదంలో 116 పేజీల రాతప్రతి పోగొట్టుకున్న మన సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్‌కి కూడా, నీకున్న బలానికి మించి పరుగెత్తకు, శ్రమించకు అన్న మాటే దేవుడి నుంచి వచ్చింది. మన ఇంకో లేఖన గ్రంథం సిద్ధాంతము మరియు నిబంధనలు, 10వ ప్రకరణం చూడు.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఉండాలా వెళ్లాలా.

ఎవరికీ చెప్పకుండా ఇలాగే 13 నెలలు గడపొచ్చు. చాలామంది గడిపారు. వాళ్లలో కొందరు ఇంటికొచ్చాక ఏళ్ల తరబడి లేఖనాలు తెరవలేకపోయారు. పుస్తకం చూస్తే ఆ పొద్దుటి గంటలే గుర్తొచ్చేవి. నాకు ఈ దారి అన్నిటికంటే ఖరీదైనదిగా కనిపిస్తుంది.

రెండో దారి, మిషన్ అధ్యక్షుడికి చెప్పడం. ప్రతి వారం ఆయనకి ఉత్తరం రాస్తావు కదా. ఈసారి పని గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా, "రెండు నెలలుగా మూడింటికే లేస్తున్నాను. బరువు తగ్గాను. ఇంటికి వెళ్లిపోవాలని రోజూ అనిపిస్తోంది. డాక్టర్‌తో మాట్లాడాలి" అని రాయి. అప్పుడు మాట నీ చేతిలోంచి కొంత జారిపోతుంది, అది నిజం. ఆయన ఫోన్ చేస్తాడు, ఆయన భార్య నీ తిండీ నిద్రా గురించి అడుగుతుంది, డాక్టర్‌నో మానసిక ఆరోగ్య సలహాదారునో మాట్లాడిస్తారు, కంపానియన్‌నో ప్రాంతాన్నో మార్చొచ్చు. కంపానియన్‌కి కొంత తెలిసిపోతుంది. నీ మీద ముద్ర పడుతుందని నీ భయం. ఏటా ఎందరో మిషనరీలు ఇలాంటి మాటే చెబుతారు, ఆయనకి ఇది కొత్త కాదు. ఒకవేళ ఆయన "ఇంకాస్త ప్రార్థించు" అని మాత్రమే అంటే, "ప్రార్థిస్తున్నాను. డాక్టర్ కూడా కావాలి" అని రెండోసారి అడుగు. అడిగే హక్కు నీకుంది.

చికిత్స మొదలై ఒకటి రెండు ట్రాన్స్‌ఫర్లు, అంటే ఆరు నుంచి పన్నెండు వారాలు, గడిచాక అప్పుడు నిర్ణయించుకుంటే, అది నీ నిర్ణయం అవుతుంది. ఇప్పుడు తీసుకుంటే మూడింటి చీకటి తీసుకున్న నిర్ణయం అవుతుంది. అయితే డాక్టర్ వెంటనే వెళ్లమంటే వెంటనే వెళ్లు, ఇంకొన్ని వారాలు పంటి బిగువున ఉంటానని మొండికెత్తకు.

ఇంటికి వెళ్లడం కూడా నిజమైన దారే. ఆరోగ్యం బాగాలేక మిషన్ బాధ్యత నుంచి గౌరవంగా రిలీజ్ అయినవాళ్లు ఉన్నారు. ఇంటి నుంచే చేసే సేవా మిషన్‌కి మారినవాళ్లూ ఉన్నారు, అది కావాలంటే అధ్యక్షుడిని అడుగు. మొదటి ఆదివారం మాత్రం కష్టంగా ఉంటుంది, దాచను. కొందరు "అప్పుడే వచ్చేశావా?" అంటారు, కొందరు ఏమీ అనకుండా భుజం తట్టి చూపు తిప్పుకుంటారు. రెండోది ఎక్కువ నొప్పి. అమ్మ ముందు వరుసలో కూర్చుని ఉంటుంది. ఒక జవాబు ముందే సిద్ధం చేసి పెట్టుకో: "ఆరోగ్యం బాగోలేదు, ఇప్పుడు చూపించుకుంటున్నాను." అంతకు మించి ఎవరికీ నువ్వు బాకీ లేవు. కాలేజీ మళ్లీ మొదలవుతుంది, ఒక ఏడాది వెనకబడతావు. చెప్పకుండా బస్సెక్కి వెళ్లిపోవడం మాత్రం వద్దు. అలా వెళితే తర్వాత ఏళ్ల తరబడి ఆ బస్సే కళ్లముందు తిరుగుతుంది.

నిర్ణయించుకునే రోజు వచ్చినప్పుడు ఒకటి అడుగుకో. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు అనుకుంటే నువ్వు ఏం చేస్తావు? సిగ్గు కోసం ఉండకు, సిగ్గు కోసం వెళ్లకు.

చివరగా, ఆ మొదటి పేజీ. నువ్వు పెన్ను పట్టుకుని రాసిన సాయంత్రం నీకు తెలిసిందే రాశావు. ఆ రోజు నిజమైనది ఈ రోజు నిద్ర లేనందుకు అబద్ధం కాదు. అది ఆయన దగ్గరే ఉండనీ. తలుపు తీయలేని మనిషి కూడా, ఏదో ఒక రాత్రి టీవీ ఆపేసి, తన మాట గంటసేపు విన్న కుర్రాడి చేతిరాత చదువుకోవచ్చు. చదవకపోవచ్చు కూడా. అది ఆయన ఇంటి లోపలి సంగతి. నువ్వు ఈ రాత్రి ఆ ఉత్తరం అధ్యక్షుడికి పంపి, పడుకో. ఆయన ఏమన్నాడో నాకు రాయి.

నీ అక్క